నల్లరాతి మెట్లు
(గద్యభాగం – యాత్రా వ్యాసం)

ప్రవేశిక

తెలుగు గద్యంలో యాత్రారచనకు గౌరవప్రదమైన స్థానం ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31 సంవత్సరాలలో మద్రాసు నుండి కాశికి వెళ్ళివచ్చి రచించిన 'కాశీయాత్ర చరిత్ర'ను ఈ ప్రక్రియకు ఆద్యంగా సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. చూసిన చోటును వర్ణించడంతో యాత్రా వ్యాసం పని సగమే పూర్తవుతుంది. ఆ చోటు ఎలా ఏర్పడింది, అక్కడ ఎవరు శ్రమించారు, వారికీ మనకూ ఉన్న సంబంధం ఏమిటి అని ఆలోచింపజేయడం మిగిలిన సగం.

హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపంలో జలపాతాలకు కాలినడకన చేరే దారులను గూర్చి ఈ పాఠం వివరిస్తుంది. ప్రకృతి సౌందర్యాన్ని శాస్త్రదృష్టితోను, చరిత్రదృష్టితోను పరిశీలించే అలవాటును విద్యార్థులకు కలిగించడం దీని ఉద్దేశ్యం.

పాఠం

నిజామాబాదు నుండి పడమటి దిక్కుగా బోధన్ వైపు ప్రయాణిస్తుంటే నేల రంగు క్రమంగా మారడం గమనించవచ్చు. ఎర్రని చల్క నేలలు, గుండ్ల గుట్టలు వెనుకబడుతాయి. వాటి స్థానంలో నల్లరేగడి విస్తరిస్తుంది. వానకాలంలో అడుగు వేస్తే ఆ నేల కాలిని విడిచిపెట్టదు. ఎండాకాలంలో చేయి దూరేంత వెడల్పున నెర్రెలు విచ్చుతుంది. మంజీర నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల నీరు ఈ నేలను సస్యశ్యామలం చేసింది. 1937లో నిజాం చక్కెర కర్మాగారం బోధన్‌లో నెలకొన్నది. దాని చుట్టూ వెలసిన వాడకు శక్కర్‌నగర్ అనే పేరు స్థిరపడింది. ఒకనాడు ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా పేరొందిన ఆ సంస్థ 2015 డిసెంబరులో మూతపడింది. అయినా చెరుకు బండ్లు రోడ్డు పొడవునా బారులు తీరిన గానుగాట రోజులు ఈ ప్రాంతపు పెద్దల జ్ఞాపకాలలో సజీవంగా ఉన్నాయి.

చెరుకును పెంచిన ఈ నల్లమట్టి ఎక్కడి నుండి వచ్చింది? సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందట దక్కను పీఠభూమిపై భూగర్భం నుండి లావా వెల్లువలు వెల్లువలుగా పొంగి ప్రవహించింది. ఒక ప్రవాహం చల్లబడి గట్టిపడిన తరువాత దానిపై మరొకటి పరచుకొన్నది. అలా పొరలు పొరలుగా పేరుకొన్న నల్లని అగ్నిశిలను బసాల్టు అంటారు. ఎండవానలకు ఆ పొరల అంచులు అరిగిపోయి మెట్ల వరుసల వలె కనబడుతాయి. అందువల్లనే శాస్త్రజ్ఞులు ఈ శిలాసముదాయానికి 'దక్కను ట్రాప్' అని పేరు పెట్టారు. 'ట్రాప్' అనే మాటకు స్వీడిష్ భాషలో మెట్టు అని అర్థం. మహారాష్ట్రలో విస్తారంగా ఉన్న ఈ మెట్ల రాయికి బోధన్, జుక్కల్, మద్నూరు ప్రాంతాలు తూర్పు అంచున ఉన్నాయి. ఆ రాయి శిథిలమై మనకు నల్లరేగడిగా మిగిలింది.

ఆ లావాను వెలిగక్కిన అగ్నిస్థానం నేడు దక్కను కింద లేదు. భూమి పైపొర పెద్ద పెద్ద ఫలకాలుగా విడివడి మెల్లగా కదులుతూ ఉంటుంది. లోతున ఉన్న ఉష్ణస్థానం మాత్రం దాదాపు నిలకడగా ఉంటుంది. మండుతున్న కొలిమిపై నుండి ఇనుపరేకును నెమ్మదిగా లాగితే దానిపై వరుసగా కాలిన మచ్చలు పడతాయి కదా! అదే విధంగా భూఫలకాలు ఉత్తరదిశగా జరుగుతుండగా ఆ ఉష్ణస్థానంపై ఒకదాని తరువాత ఒకటిగా అగ్నిపర్వతాలు పుట్టాయని భూవిజ్ఞానశాస్త్రంలో బహుళ ప్రచారంలో ఉన్న సిద్ధాంతం. దక్కను తరువాత లక్షదీవులు, మాల్దీవుల అడుగున ఉన్న శిలలు ఆ వరుసలోనివి. ఆ వరుసలోనే దాదాపు 80 లక్షల సంవత్సరాల కిందట సముద్రంలో నుండి తల ఎత్తిన దీవి మారిషస్. దాని పొరుగున ఉన్న రీయూనియన్ దీవిలో ఆ అగ్ని ఇప్పటికీ చల్లారలేదు. అక్కడి అగ్నిపర్వతం నేటికీ తరచుగా లావాను వెలిగక్కుతూనే ఉంది. అంటే బోధన్ పొలం కింది రాయికి, 4,000 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న మారిషస్ జలపాతపు రాయికి జన్మస్థానం ఒక్కటే అన్నమాట.

మారిషస్ ప్రధాన ద్వీపం వైశాల్యం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. విస్తీర్ణంలో అది మన జిల్లాలలో ఒక చిన్న జిల్లాతో సమానం. ఆఫ్రికా తీరంలోని మడగాస్కర్‌కు తూర్పున దాదాపు 800 కిలోమీటర్ల దూరంలో ఉంది. దీవి నడుమ ఎత్తైన పీఠభూమి, దాని చుట్టూ విరిగిన కడియం వలె కొండల వలయం ఉన్నాయి. 1836లో బీగిల్ నౌకలో ఇక్కడికి వచ్చిన చార్లెస్ డార్విన్ ఈ వలయాన్ని గమనించి, ఇది ఒక మహా అగ్నిపర్వతపు శిథిలమై ఉంటుందని ఊహించాడు. దీవిలో అత్యున్నత శిఖరం ఎత్తు 828 మీటర్లు. ఇక్కడి అగ్నిపర్వతాలలో నేడు చలనం లేదు. వాటి ముఖాలు కొన్ని చెట్లతో నిండిన గుంటలుగా, మరికొన్ని సరస్సులుగా మారాయి.

ఆగ్నేయ దిశ నుండి వీచే వ్యాపార పవనాలు సముద్రపు తేమను మోసుకువచ్చి నడిమి పీఠభూమిని తాకుతాయి. అక్కడ కొన్ని చోట్ల ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల వరకు వర్షం కురుస్తుంది. కొండలకు అవతల ఉన్న పడమటి తీరంలో వర్షపాతం చాలా తక్కువ. ఎత్తున కురిసిన నీరు కొద్ది దూరంలోనే సముద్రాన్ని చేరవలసి ఉన్నందువల్ల ఇక్కడి నదులు పొడవు తక్కువ, వేగం ఎక్కువ. గోదావరి వలె నిదానంగా మైదానాలలో సాగే అవకాశం వాటికి లేదు. అవి దూకవలసిందే.

ఆ దూకుడుకు శిలల అమరిక తోడ్పడింది. ఒక లావా పొర గట్టిగా ఉంటుంది. దాని కింద బూడిదతోను, శిథిలశిలతోను కూడిన మెత్తని పొర ఉండవచ్చు. నది ప్రవాహం మెత్తని పొరను తొలిచివేస్తుంది. పైనున్న గట్టి రాయి కొంతకాలం చూరు వలె ముందుకు పొడుచుకొని నిలుస్తుంది. తరువాత తన బరువును తానే మోయలేక విరిగిపడుతుంది. ఇలా జలపాతం ఏటేటా కొద్ది కొద్దిగా వెనుకకు జరుగుతుంది. అడుగున కనిపించే పెద్ద పెద్ద నల్లరాళ్ళన్నీ ఒకనాడు పైన నిలిచినవే. లావా చల్లబడేటప్పుడు ముడుచుకొని నిలువునా పగలడం వల్ల కొన్ని చోట్ల రాతిగోడ స్తంభాలు పేర్చినట్లు కనబడుతుంది. శిల్పి చేయి పడని ఆ స్తంభాలను చూసినప్పుడు ప్రకృతి కూడ లెక్క ప్రకారమే పని చేస్తుందని బోధపడుతుంది.

ఈ విధంగా ఏర్పడిన జలపాతాలలో పాదచారులకు అత్యంత ప్రియమైనది టామరిండ్ జలపాతం. అది ఒక్క జలపాతం కాదు, జలపాతాల మాల. ఫ్రెంచి భాషలో దానికి 'ఏడు జలపాతాలు' అనే అర్థం వచ్చే పేరుంది. చిన్న చిన్న ధారలను కూడ కలిపి అంతకంటె ఎక్కువ లెక్కించేవారు ఉన్నారు. అన్నీ కలిసి సుమారు 290 మీటర్ల లోతుకు మెట్లు మెట్లుగా దిగుతాయి. టామరిండ్ అంటే చింత. అరబ్బులు మన చింతపండును చూసి 'హిందూదేశపు ఖర్జూరం' అనే అర్థంలో 'తమర్ హింద్' అన్నారు. ఆ మాటే ఐరోపా భాషలలో టామరిండ్‌గా మారి, చివరకు ఈ దీవిలో ఒక నదికి, ఒక ఊరికి, ఒక జలపాతానికి పేరైంది. తెలుగువారు దానిని 'చింతల జలపాతం' అని పిలుచుకొన్నా తప్పు లేదు.

ఈ జలపాతాలకు నడక పీఠభూమిపై ఉన్న హెన్రియెట్టా అనే గ్రామం వద్ద ఆరంభమవుతుంది. తొలి భాగం చెరుకు తోటల పక్కగా సాగుతుంది. బోధన్ విద్యార్థికి ఆ ఆకుల గలగల కొత్త కాదు. కాలం మాత్రం తలకిందులు. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నందువల్ల మన ఎండాకాలం అక్కడ శీతకాలం. మన వద్ద చలికాలంలో సాగే చెరుకు నరుకుడు అక్కడ జూన్, జూలై నెలలలో ప్రారంభమై సంవత్సరాంతం వరకు సాగుతుంది. తోటలు దాటగానే దారి చెట్లలోకి ప్రవేశిస్తుంది. హఠాత్తుగా నేల తెగిపోయి లోతైన ఇరుకు లోయ కనబడుతుంది. దూరాన పడమటి సముద్రం నీలిరేఖ వలె మెరుస్తుంది. లోయ గోడలపై తెల్లని ధారలు ఒకదాని దిగువన ఒకటి వేలాడుతుంటాయి.

అక్కడి నుండి అవరోహణ. బయటికి తేలిన చెట్ల వేళ్ళే మెట్లు. ఎర్రమట్టి జారుతుంది. పాకుడు పట్టిన బసాల్టు రాయి మట్టికంటె ఎక్కువ జారుతుంది. ప్రతి జలపాతం అడుగున ఒక మడుగు, ఆ మడుగు అంచు నుండి మరొక దూకు. దిగుతున్నకొద్దీ గాలి చల్లబడుతుంది. నీటి హోరు మాటలను మింగివేస్తుంది. మైదానంలో కొండ ఎక్కేవాడు ముందు ఎక్కి, అలసిన తరువాత సులువుగా దిగుతాడు. ఇక్కడ ముందు దిగుట, అలసిన తరువాత ఎక్కుట. కనుక దిగేటప్పుడే ఎక్కడానికి కావలసిన శక్తిని మిగుల్చుకోవడం వివేకవంతుల లక్షణం.

జలపాత యాత్రలో సాహసం కంటె జాగ్రత్త ప్రధానం. కొండపైన వాన కురుస్తుంటే లోయలో ఎండ కాస్తూ ఉండవచ్చు. నిర్మలంగా ఉన్న ప్రవాహం నిమిషాలలో పొంగి, దాటివచ్చిన రాళ్ళను ముంచివేయవచ్చు. నవంబరు నుండి ఏప్రిల్ వరకు ఆ సముద్రంలో తుఫానుల కాలం. దారి తెలిసినవారిని వెంట తీసుకొనివెళ్ళడం, నీరు రంగు మారగానే గట్టు చేరడం, లోతు తెలియని మడుగులోకి దూకకపోవడం, సూర్యాస్తమయానికి చాలా ముందే తిరుగుముఖం పట్టడం తప్పనిసరి నియమాలు. ఈ నియమాలు మన ఆదిలాబాదు జిల్లాలోని కుంటాల జలపాతానికి కూడ వర్తిస్తాయి. కుంటాల అందాన్ని చూడబోయి నీటమునిగిన యువకుల వార్తలు మనకు తెలియనివి కావు. జలపాతం ఎవరిపైనా పగ పట్టదు, ఎవరినీ కనికరించదు. జాగ్రత్త వహించవలసినది మనమే.

దీవి నైరుతి భాగంలోని షమరెల్ వద్ద మరొక ప్రసిద్ధ జలపాతం ఉంది. అక్కడ నది ఒకే ధారగా దాదాపు 100 మీటర్ల లోతుకు పడుతుంది. కుంటాల జలపాతం ఎత్తు సుమారు 45 మీటర్లు కాబట్టి దానికి రెట్టింపు అనుకోవచ్చు. దూరం నుండి చూస్తే నిట్టనిలువు నల్లని గోడపై తెల్లని పంచె ఆరవేసినట్లుంటుంది. పొడవైన తోక గల తెల్లని సముద్రపక్షులు ఆ అగాధంలో గుండ్రంగా తిరుగుతుంటాయి. సమీపంలోనే చెట్టూ చేమా మొలవని రంగుల మట్టి దిబ్బలు ఉన్నాయి. ఎరుపు, గోధుమ, ఊదా, పసుపు మొదలైన రంగులు చారలు చారలుగా కనబడుతాయి. అది కూడ బసాల్టు శిథిలమై ఏర్పడిన మట్టియే.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. ఒకే జాతి రాయి బోధన్‌లో నల్లమట్టిగా, షమరెల్‌లో ఎర్రమట్టిగా ఎందుకు మారింది? దానికి సమాధానం వాన. అధిక వర్షం కురిసే ఉష్ణప్రదేశంలో నీరు రాతిలోని కరిగే పదార్థాలను కడిగివేస్తుంది. కరగని ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు మిగిలి మట్టికి రంగులనిస్తాయి. వర్షం మితంగా ఉన్న చోట ఆ పదార్థాలు కొట్టుకుపోక ఉబ్బే స్వభావం గల బంకమన్నుగా మిగులుతాయి. అదే నల్లరేగడి. మన జహీరాబాదు ప్రాంతంలో దక్కను రాయిపై కనిపించే ఎర్రని లాటరైట్ నేల కూడ పూర్వకాలపు అధిక వర్షాలకు సాక్ష్యం. రాయి ఒక్కటే అయినా దాని భవిష్యత్తును నిర్ణయించేది అది పడిన చోటు. మనుషుల విషయంలో కూడ ఈ మాట కొంతవరకు నిజం.

షమరెల్‌కు సమీపంలోని నల్లనది లోయలను 1994లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. దీవి స్వకీయ అరణ్యంలో మిగిలిన భాగం ప్రధానంగా ఇక్కడే ఉంది. ఒకప్పుడు దీవినంతటినీ కప్పిన నల్లచేవ చెట్లను డచ్చివారు కలప కోసం నరికారు. ఎగరలేని డోడో పక్షి 17వ శతాబ్దంలోనే అంతరించింది. 1974 నాటికి మారిషస్ డేగలు నాలుగు మాత్రమే మిగిలినట్లు గుర్తించారు. శాస్త్రజ్ఞుల అవిరళ కృషి వల్ల ఆ జాతి తిరిగి వందల సంఖ్యకు చేరింది. నడకదారి పక్కన ఎర్రని చిన్న జామపండ్లు విరివిగా కనబడుతాయి. పాదచారులు వాటిని ఇష్టంగా తింటారు. అయితే ఆ జామ దక్షిణ అమెరికా నుండి వచ్చి స్వదేశీ మొక్కలను అణచివేస్తున్న మొక్క. రుచికరమైనదంతా హితకరం కాదని అడవి కూడ బోధిస్తుంది.

ఈ దీవిలో నడక వినోదానికి మాత్రమే పరిమితం కాదు. కొండల నడుమ ఒక అగ్నిపర్వత ముఖంలో ఏర్పడిన సరస్సును అక్కడి హిందువులు గంగాతలావ్ అని పిలుస్తారు. మహాశివరాత్రికి లక్షలాది భక్తులు దీవి నలుమూలల నుండి కావళ్ళతో కాలినడకన ఆ సరస్సును చేరుతారు. ఒకప్పుడు లావా ఎగసిన చోట నేడు దీపాలు తేలుతాయి.

ఇంతవరకు ప్రకృతి చెక్కిన రాళ్ళను చూశాం. మనుషులు పేర్చిన రాళ్ళు మరికొన్ని ఉన్నాయి. మారిషస్ చెరుకు పొలాల నడుమ అక్కడక్కడ నల్లరాళ్ళ గుట్టలు కనబడుతాయి. కొన్ని పిరమిడ్ల ఆకారంలో, కొన్ని పొడవైన గోడల ఆకారంలో ఉంటాయి. తొలిసారి చూసినవారు ఇవి ఏ ప్రాచీన కట్టడాలో అని భ్రమపడుతారు. కాని అవి పొలం బాగుచేసేటప్పుడు ఏరి పోసిన రాళ్ళు. లావా దీవిలో మట్టికంటె ముందు రాయి దొరుకుతుంది. ఆ రాళ్ళను తొలగించనిదే చెరుకు ముచ్చెలు నాటడం సాధ్యం కాదు.

ఆ రాళ్ళను ఎత్తినవారు ఎవరు? 1639లో డచ్చివారు జావా నుండి చెరుకును తెచ్చారు. ఫ్రెంచివారి కాలంలో ఆఫ్రికా, మడగాస్కర్ల నుండి తెచ్చిన బానిసలు పొలాలలో పనిచేశారు. హింసను భరించలేక పారిపోయినవారికి కొండలు, లోయలు ఆశ్రయమిచ్చాయి. నేడు మనం వినోదంగా నడిచే దారులలో ఒకనాడు మనుషులు ప్రాణాలు అరచేత పట్టుకొని పరుగెత్తారు. వారికి ఆశ్రయమిచ్చిన లె మోర్న్ కొండను యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

1810లో దీవి బ్రిటిష్‌వారి వశమైంది. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. చెరుకు తోటలకు కూలీలు కావలసివచ్చారు. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే నౌకలో 36 మంది ఒప్పంద కూలీలు భారతదేశం నుండి పోర్ట్ లూయీ రేవులో దిగారు. ఆ తరువాత దాదాపు తొమ్మిది దశాబ్దాలలో సుమారు నాలుగున్నర లక్షల మంది వచ్చారు. వారిలో విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాల తెలుగువారు ఉన్నారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరుమీదుగా అక్కడ తెలుగువారిని 'కోరంగీలు' అన్నారు. తొలినాటి ఒప్పందం ఐదేండ్లు. పురుషునికి జీతం నెలకు 5 రూపాయలు. ఒక దినం పనికి రాకపోతే రెండు దినాల కూలి కోసేవారు. ఓడ దిగినవారు మొదట ఎక్కిన రాతిమెట్లు పదహారు. ఆ రేవును నేడు అప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది.

వీరాస్వామయ్య తన యాత్రను దినచర్య వలె రాసుకొన్న ఆ దశకంలోనే ఈ సముద్రయానాలు ఆరంభమయ్యాయి. కాశికి వెళ్ళినవాడు తిరిగివచ్చాడు, రాశాడు, అతని గ్రంథం నిలిచింది. ఓడ ఎక్కినవారిలో చాలామంది తిరిగిరాలేదు. చదువు లేనందున రాయలేదు. వారిని గూర్చి అధికారులు రాసుకొన్న దస్తావేజులు మాత్రం మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ప్రతి కూలీకి ఒక సంఖ్య, పేరు, వయస్సు, ఎత్తు, స్వగ్రామం అందులో కనబడుతాయి. 1860 దశకం నుండి ఛాయాచిత్రాలు కూడ చేరాయి. నేటి మారిషస్ పౌరులు ఆ పుటలలో తమ పూర్వికుల ఊరి పేరు వెతుక్కొంటారు. అయితే ఆ దస్తావేజులు ఇతరులు రాసినవి. కూలీలు తమ చేతులతో మిగిల్చిన రచన పొలాలలోని ఆ రాళ్ళ గుట్టలే. వాటిలోని ప్రతి రాయి ఎవరో ఒకరి నడుము వంగినప్పుడు లేచినది.

అక్షరం లేనివారు భాషను మాత్రం పూర్తిగా విడువలేదు. సింహాద్రి అప్పన్న పూజ, రామభజన, ఉగాది వారితోపాటు సముద్రం దాటాయి. ఉగాది నేడు మారిషస్‌లో సెలవుదినం. ఇండ్లలో క్రియోల్ భాష స్థిరపడినా పాఠశాలలలో తెలుగును ఐచ్ఛికంగా చదువుతున్నారు. మహాత్మాగాంధీ సంస్థలో తెలుగు శాఖ ఉంది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. అక్కడ తెలుగు చదివే విద్యార్థికి అది ఇంట్లో ఉచితంగా దొరికిన భాష కాదు. ఐదారు తరాల వెనుకకు నడిచి తెచ్చుకొన్న భాష. ఇక్కడ దానిని ద్వితీయ భాషగా చదివే మనం ఈ విషయాన్ని తలచుకోవడం అవసరం.

నేడు మారిషస్‌లో కూడ చెరుకు ప్రాభవం తగ్గింది. ఐరోపా దేశాలు హామీ ఇచ్చిన ధర 2009తో ముగిసింది. ఒకప్పుడు వందలలో ఉన్న చక్కెర మిల్లులు చివరకు మూడింటికి కుదించుకుపోయాయి. పొలాలు కొన్ని బీడుపడ్డాయి. కొన్ని విహారస్థలాలుగా మారాయి. తాతలు రాళ్ళు మోసిన దారిలో మనుమలు యాత్రికులకు మార్గదర్శకులై జీవనం సాగిస్తున్నారు. కర్మాగారం మూతపడిన బోధన్‌కు ఈ కథ పరాయిది కాదు. పంట మారవచ్చు, పని మారవచ్చు. ఆ పనిచేసిన మనుషుల కథ మరుగున పడకుండా చూడడం తరువాతి తరం బాధ్యత.

కనుక జలపాతం వద్దకు వెళ్ళినవారు ధారను మాత్రమే చూసి, ఛాయాచిత్రం తీసుకొని మరలిరావడం అసంపూర్ణమైన యాత్ర. కాలి కింది రాయి ఏ అగ్నిలో పుట్టిందో తెలుసుకోవాలి. దారి పక్కన గుట్టగా పడి ఉన్న రాయిని ఎవరు మోశారో అడగాలి. మొదటి ప్రశ్నకు శాస్త్రం సమాధానం చెబుతుంది. రెండవ ప్రశ్నకు చరిత్ర సమాధానం చెబుతుంది. ఆ రెండు ప్రశ్నలతో నడిచినవానికి ఏ ఊరి రాయి అయినా మూగది కాదు.

కఠిన పదాలకు అర్థాలు

ఆద్యం = మొదటిది
ఉష్ణస్థానం = భూగర్భంలో వేడి కేంద్రీకృతమైన చోటు
శిథిలం = విరిగి అరిగిపోయినది
నెర్రె = ఎండిన నేలలో ఏర్పడే పగులు
అవరోహణ = దిగుట
అగాధం = మిక్కిలి లోతైన చోటు
స్వకీయ = తనదైన
అవిరళం = ఎడతెగనిది
చేవ = చెట్టు నడిమి గట్టి భాగం
ముచ్చె = నాటడానికి కోసిన చెరుకు ముక్క
ప్రాభవం = గొప్పతనం, ఆధిక్యం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. బోధన్ నల్లరేగడికి, మారిషస్ జలపాతాల శిలకు గల సంబంధాన్ని వివరించండి.
2. 'నల్లరాతి మెట్లు' అనే శీర్షిక ఈ పాఠానికి ఎంతవరకు సార్థకమో చర్చించండి.
3. మారిషస్ దీవిలో తెలుగువారి శ్రమజీవనాన్ని, భాషాభిమానాన్ని గూర్చి రాయండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు

1. జలపాతం ఎలా ఏర్పడుతుంది? అది వెనుకకు జరగడానికి కారణమేమి?
2. టామరిండ్ జలపాతానికి ఆ పేరు ఎలా వచ్చింది?
3. ఒకే రాయి ఒకచోట నల్లమట్టిగా, మరొకచోట ఎర్రమట్టిగా మారడానికి కారణాలు తెలపండి.
4. జలపాత యాత్రలో పాటించవలసిన నియమాలు ఏవి?
5. చెరుకు పొలాలలోని రాళ్ళ గుట్టలను రచయిత 'రచన' అని ఎందుకు అన్నారు?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. 'ట్రాప్' అనే మాటకు అర్థమేమి?
2. 'అట్లాస్' నౌక ఎప్పుడు పోర్ట్ లూయీ చేరింది?
3. మారిషస్‌లో తెలుగువారిని 'కోరంగీలు' అని ఎందుకు పిలిచారు?
4. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఏ సంవత్సరంలో జరిగాయి?

భాషాంశాలు

సంధులు:
అత్యున్నత = అతి + ఉన్నత – యణాదేశ సంధి
సూర్యాస్తమయం = సూర్య + అస్తమయం – సవర్ణదీర్ఘ సంధి
రాళ్ళన్నీ = రాళ్ళు + అన్నీ – ఉకార సంధి

సమాసాలు:
ఎండవానలు = ఎండయును వానయును – ద్వంద్వ సమాసం
నల్లమట్టి = నల్లనైన మట్టి – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
ఏడు జలపాతాలు = ఏడు సంఖ్యగల జలపాతాలు – ద్విగు సమాసం
జలపాతం = జలము యొక్క పాతము – షష్ఠీ తత్పురుష సమాసం

అభ్యాసం

మీ ఊరిలో లేదా సమీపంలో మనుషుల శ్రమకు సాక్ష్యంగా నిలిచిన చెరువుకట్ట, కాలువ, కర్మాగారం, రాతిగోడ వంటి దానిని ఒకదానిని ఎంచుకోండి. దానిని నిర్మించినవారిని గూర్చి ఊరి పెద్దలను అడిగి తెలుసుకొని, రెండు పుటల యాత్రా వ్యాసం రాయండి.